పాత ఎయిర్ రైఫిల్ కొనవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 10 మీటర్ల షూటింగ్ నేర్పించాలనుంది. కొత్త రైఫిల్ కొనే స్తోమత లేదు. పాత స్ప్రింగ్ రైఫిల్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిక్షేపంగా తీసుకోండి. సాధన మొదలుపెట్టడానికి అది చాలు. 0.177 అంగుళాల బోరుదే చూడండి. శక్తి 20 జౌళ్లు దాటకపోతే మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి.

పైపై మెరుగు చూసి మోసపోవద్దు. మూసిన బారెల్‌ను పక్కలకు కదపండి. కీలు దగ్గర ఊగితే వదిలేయండి. బారెల్ మూతి అంచు నొక్కుకుపోయినా, లోపల తుప్పు గుంటలున్నా అంతే. తర్వాత బారెల్ మూసుకునే అతుకు మీద టిష్యూ ముక్క పెట్టి, పెల్లెట్‌తో ఒకసారి పేల్చమనండి. ముక్క ఎగిరితే గాలి లీకవుతున్నట్టే. అక్కడి వాషర్ మారిస్తే సాధారణంగా సరిపోతుంది. స్ప్రింగు, పిస్టన్ సీలు అరిగినా కంగారు వద్దు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. పెల్లెట్ లేకుండా పేల్చి చూపిస్తానంటే ఒప్పుకోకండి, పిస్టన్ దెబ్బతింటుంది.

ట్రిగ్గర్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ఎక్కుపెట్టాక నిలవకుండా జారిపోయే రైఫిల్‌ను ఊరికే ఇచ్చినా తీసుకోకండి. పెల్లెట్ పెట్టేంతసేపూ బారెల్‌ను రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలని అబ్బాయికి మొదటి రోజే నేర్పండి. లేకపోతే వేళ్లు పోతాయి.