టెంటే పక్కకు జరుపుదాం చెల్లీ!

"అక్కా, టెంటు వేసుకునేచోట మొహానికి తగులుతోందని ఒక్క కొమ్మ కొట్టేస్తే అంత తప్పా? వద్దన్నానని మా ఆయనా, మా మరిదీ నాది చాదస్తం అంటున్నారు" అని అడిగింది ఒక చెల్లి. సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మారేడుమిల్లి వెళ్తున్నారట.

చాదస్తం కాదమ్మా. నీకు మనసు ఒప్పలేదు చూడు, అదే సరైనది. కాకపోతే "పాపం, చెట్టు" అన్న ఒక్క మాటతో మగవాళ్ళు ఆగరు కాబట్టి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

మన వేలు తెగితే నాలుగు రోజుల్లో కొత్త చర్మం వస్తుంది. చెట్టుకు అలా రాదు. తెగినచోటు తెగినట్టే లోపల ఉండిపోతుంది. చెట్టు దాని చుట్టూ గోడలాంటిది కట్టుకుని, పైనుంచి కొత్త చెక్క పెంచుకుంటూ కప్పేస్తుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లను నిలువునా కోసి చూసి, 1970లలో ఈ సంగతి లోకానికి విడమరిచి చెప్పాడు. సన్నని రెమ్మ తెగితే ఆ గాయం తొందరగానే మూసుకుంటుంది. మణికట్టంత కొమ్మ అయితే ఏళ్ళు పడుతుంది. ఈలోగా బూజో పురుగో లోపలికి దిగిందంటే కుళ్ళు కాండం దాకా పోవచ్చు. పైగా మనవాళ్ళు కొట్టే తీరు ఎలా ఉంటుంది? కత్తితో నాలుగు దెబ్బలు వేసి, తెగకపోతే మెలితిప్పి లాగుతారు. బెరడు కాండం వెంబడి జానెడు పొడవున చీలి ఊడొస్తుంది. కొమ్మ పోవడం కన్నా ఆ చీలికే చెట్టుకు ఎక్కువ చేటు.

"గాలివానకు ఎన్ని కొమ్మలు విరగడం లేదు?" అంటాడు మీ మరిది. నిజమే, విరుగుతాయి. అలా విరిగి పుచ్చిన చోట్లలోనే తొర్రలు పడతాయి, పాపికొండల అడవుల్లో హార్న్‌బిల్ పక్షులు గూడు పెట్టుకునేది అలాంటి తొర్రల్లోనే. కానీ గాలివాన అడవంతా తిరుగుతుంది తల్లీ. మనం మాత్రం వాగు పక్కన చదునుగా, నీడగా ఉన్న ఆ నాలుగు గజాల నేల మీదే వాలతాం. ఈ శనివారం మీరు, వచ్చే శనివారం ఇంకొకరు. ఒకరు టెంటు కోసం, ఒకరు ఫొటోకి అడ్డమని, ఒకరు చలిమంట కోసం. అన్ని దెబ్బలూ ఆ పది చెట్లకే. అప్పటికే నరికిన మోడు ఒకటి కళ్ళబడితే, తర్వాత వచ్చినవాళ్ళకు ఆ కాస్త జంకు కూడా పోతుంది.

అలాగని చెట్టు మీద కత్తి పెట్టడమే మహాపాపం అని నేను అనను. భద్రాచలం, ఆదిలాబాద్ వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదలను కావాలనే కొడతారు. అలా కొడితేనే కొత్త చిగుళ్ళు వేసి, ఎండాకాలంలో బీడీలకు పనికొచ్చే మెత్తని ఆకు వస్తుంది. ఆ కూలి డబ్బుతోనే ఎన్నో ఇళ్ళు గడుస్తాయి. మరి వాళ్ళు కొడితే ఒప్పు, మనం కొడితే తప్పా? అవును చెల్లీ, నేను అలాగే అంటాను. వాళ్ళు వచ్చే ఏడు కూడా ఆ పొద దగ్గరకే రావాలి. అడ్డదిడ్డంగా కొడితే మరుసటేడు ఆకు ఉండదు, నష్టం వాళ్ళదే. మనం పొద్దున్నే టెంటు మడిచి కారెక్కేస్తాం. ఆ చెట్టు బతికిందో ఎండిందో మళ్ళీ చూడం కూడా. ఫలితం అనుభవించే పని లేనివాళ్ళు, ఎవరూ అడగరు కదా అని కత్తి తీయడం నాకు న్యాయంగా తోచదు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. అడవి బిడ్డలకు తేనె, ఆకు, వెదురు వంటివి సేకరించుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. మనలాంటి సందర్శకులకు ఆ హక్కు లేదు. రిజర్వు అడవిలో చెట్లు నరకడం, నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో 1972 వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిది. అందుకే అనుమతి ఉన్న క్యాంపులోనే దిగండి.

మారేడుమిల్లి అంటున్నావు కాబట్టి ఇంకో మాట చెప్పాలి. అక్కడికి వెళ్ళాక మీవాళ్ళు "బొంగులో చికెన్ మనమే వండుకుందాం, వెదురు ఇక్కడే ఉందిగా" అంటారు, చూస్తూ ఉండు. దానికి పచ్చి వెదురు బొంగే కావాలి, అందులోని తడే మాంసాన్ని మాడకుండా ఉడికిస్తుంది. కానీ వెదురు పొద పెరిగే తీరు తెలుసా? కొత్త పిలకలు పొద అంచున వస్తాయి. ముదిరినవి మధ్యలో ఉంటాయి. అంటే సులువుగా చేతికందేవన్నీ లేతవే! నరకదగ్గవేమో లోపల చిక్కుకుని ఉంటాయి. రెండేళ్ళు కూడా నిండని గడలను కొట్టేస్తే పొద బలమే పోతుంది, ఎందుకంటే మరుసటి వానాకాలం పిలకలు లేవడానికి కావలసిన సత్తువ వేరుదుంపకు అందించేది వాటి ఆకులే. ఏ గడ ముదిరిందో, ఏది వదలాలో కొండరెడ్లకూ కోయలకూ చూడగానే తెలుస్తుంది. మనకు తెలియదు. రోడ్డు పక్కన వాళ్ళు వండి అమ్ముతారు, కొనుక్కుని తినండి. బేరం కూడా ఆడకండి.

చలిమంటకు ఎండిన కొమ్మే కదా అని విరవబోయే ముందు కూడా ఆగు. మన ఆకురాల్చే అడవుల్లో, ముఖ్యంగా నల్లమలలో, ఫిబ్రవరి దాటితే సగం చెట్లు మోడుల్లా కనిపిస్తాయి. మోదుగ అయితే ఒంటి మీద ఆకు లేకుండానే ఎర్రగా పూస్తుంది. తపసి చెట్టు తెల్లని బెరడుతో ఎండిపోయినట్టే నిలబడుతుంది. గోటితో రెమ్మ మీద సన్నగా గీరి చూస్తే లోపల పచ్చగా కనిపిస్తుంది, అంటే బతికే ఉంది. క్యాంపువాళ్ళు నిప్పు వేసుకోనిస్తే, వాళ్ళు ఇచ్చిన కట్టెలతోనే, వాళ్ళు చూపిన చోటే వేసుకోండి. చెట్టు మీద ఉన్న దేన్నీ విరవకండి.

పిల్లలున్నారు కాబట్టి ఇదొకటి గట్టిగా చెబుతున్నాను. తెలియని చెట్టు పుల్ల విరిచి, దానికి పనీర్ ముక్కలో మాంసం ముక్కలో గుచ్చి కాల్చడం అస్సలు వద్దు. నల్లజీడి రసం తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. ముష్టి చెట్టు మన అడవుల్లో మామూలుగా కనిపించేదే, దాని విషం ప్రాణాలకే ప్రమాదం. గన్నేరు పుల్ల కూడా అంతే. ఇనుప చువ్వలు ఇంటి నుంచే పట్టుకెళ్ళు.

మరి మొహానికి తగిలే ఆ కొమ్మ సంగతేమిటి? టెంటు రెండడుగులు జరిపితే చాలాసార్లు అక్కడితో సరి. జరపడానికి చోటు లేకపోతే పాత చున్నీతో కొమ్మను మెల్లగా పక్కకు లాగి వదులుగా కట్టు, పొద్దున్నే మర్చిపోకుండా విప్పేయి. తల మీద ఎండుకొమ్మ వేలాడుతుంటే మాత్రం దాన్ని లాగే ప్రయత్నం చేయొద్దు, ఆ చోటే వదిలేయండి. ఊయల కడితే సన్నతాడు బెరడును కోసేస్తుంది, వెడల్పాటి పట్టీలు తీసుకెళ్ళు. మేకులు అసలే వద్దు.

ఎవరికైనా కాలు విరిగి, కట్టు కట్టడానికి కర్ర కావాల్సి వస్తే? దగ్గర్లో రాలిన కర్ర లేకపోతే క్షణం ఆలోచించకుండా కొట్టు. ఆ అవసరం ముందు నేను చెప్పిందేదీ నిలవదు. అప్పుడు కూడా తల కొమ్మ జోలికి పోకుండా పక్క కొమ్మే తీసుకో. ముందు అడుగువైపు చిన్న గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి ఉండే భాగాన్ని చెట్టుకే వదిలేయి. గాయాన్ని కప్పే కొత్త చెక్క పుట్టేది అక్కడి నుంచే.

ఇక మీవాళ్ళను ఆపే ఉపాయం. నేను చూసినంతలో కొమ్మలు ఎక్కువగా తెగేది చీకటి పడ్డాక చేరినవాళ్ళ చేతుల్లోనే. టార్చి వెలుగులో మంచిచోటు కనబడదు, పిల్లలు ఏడుస్తుంటారు, ఆకలి, విసుగు, ఏది అడ్డొస్తే దాన్ని నరికేస్తారు. మీ రాజమండ్రి నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక బయలుదేరదామంటే ఒప్పుకోకు. పులిహోర పొట్లాలు కట్టుకుని పొద్దున్నే కదలండి, దారిలో కూడా నిదానంగా వెళ్ళొచ్చు. ఎండ ఉండగానే క్యాంపుకి చేరి, టెంటు చోటు వెతికే పని మీ మరిదికే అప్పజెప్పు.