గిటారు మేని కలప పొర – దాని మన్నిక



గత వర్షాకాలమున మన కళాశాల గిటారును బీరువా నుండి వెలికి తీయగా, వెనుక పలక అంచున పైపొర గోరంత మేర లేచి కనబడినది. "ఇది ప్లైవుడ్ గిటారు సార్, అసలు చెక్క అయితే ఇట్లా పాడు కాదు" అని ఒక విద్యార్థి అన్నాడు. ఆ మాటలోని సత్యాసత్యములను పరిశీలించుటయే మా ఈ చిన్న వ్యాసము యొక్క ఉద్దేశము.

మేలుజాతి కలపను సుమారు అర మిల్లీమీటరు మందమున పలుచగా తీసిన పొరయే వెనీర్. దానిని సామాన్యమైన కలప పొరలపై జిగురుతో అతికించుదురు. తక్కువ వెలగల గిటారులలో వెనుక పలకయు, ప్రక్క పలకలును సాధారణముగా ఇట్టి ప్లైవుడ్‌తోనే తయారగును.

కలప గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. పొడిగాలిలో తేమను విడిచి కుంచించుకొనును. ఈ మార్పు అన్ని దిశలలో సమానము కాదు. పచ్చి కలప పూర్తిగా ఎండినప్పుడు నార పొడవున తగ్గుదల నూటికి 0.1 లేక 0.2 వంతు మాత్రమే. నారకు అడ్డముగా అది, కలప జాతిని బట్టి, సుమారు 3 నుండి 10 వంతుల వరకు ఉండును. అఖండమైన చెక్కతో చేసిన పలక ఎండకాలమున నార వెంట చీలుటకు ఇదియే కారణము. ప్లైవుడ్‌లో ఒక పొర నారకు అడ్డముగా మరియొక పొర నార ఉండును. ఒకటి ఉబ్బబోగా రెండవది దానిని పట్టి ఆపును. కావున చీలిక విషయమున ప్లైవుడ్డే దృఢతరమని చెప్పవలెను.

ఇందుకు చరిత్రలో నిదర్శనము కలదు. ఫ్రాన్సులో సెల్మెర్ సంస్థ 1932 నుండి తయారుచేసిన గిటారులలో వెనుక, ప్రక్క పలకలు పొరలు అతికించినవే. ప్రఖ్యాత వాదకుడు జాంగో రైన్‌హార్ట్ వాయించినవి ఆ సంస్థ గిటారులే. వాటిలో కొన్ని నేటికిని మ్రోగుచున్నవి.

మరి నాదము మాట ఏమి? స్పెయిన్ దేశపు శిల్పి ఆంటోనియో దె టోర్రెస్ 1862లో వెనుక, ప్రక్క భాగములను కాగితపు అట్టతో చేసి, పై పలకను మాత్రము కలపతో అమర్చి ఒక గిటారును నిర్మించెను. నాదమునకు ముఖ్యాధారము పై పలకయే అని నిరూపించుట అతని ఆశయము. కావున కొనదలచిన విద్యార్థి పై పలక అఖండమైన చెక్క అవునా కాదా అని మొదట చూడవలెను. తక్కినవి ప్లైవుడ్ అయినను చిన్నబుచ్చుకొన నక్కరలేదు.

అయితే వెనీర్‌కు శత్రువులు లేకపోలేదు. పొర బలమంతయు జిగురులోనే ఉన్నది. తలుపులు మూసి ఎండలో నిలిపిన వాహనములోని వేడికి జిగురు మెత్తబడవచ్చును. గిటారు వెలుపల మెరుగుపూత ఉండును గాని లోపల సాధారణముగా ఉండదు. తేమ నాదరంధ్రము గుండా లోనికి ప్రవేశించును. గీతలు పోగొట్టవలెనని గరుకు కాగితముతో రుద్దినచో అర మిల్లీమీటరు పొర ఎంతసేపు నిలుచును?

మన గిటారు సంగతి చూతము. దాని బీరువా వర్షమునకు తడిసిన గోడను ఆనుకొని ఉన్నది. గాలిలో తేమ 45 నుండి 55 శాతము ఉండుట గిటారుకు హితము. దోషము ప్లైవుడ్‌ది కాదు, మన అజాగ్రత్తది. లేచిన పొర చిన్నదిగా ఉన్నప్పుడే దాని క్రింద జిగురు పంపి, పైన కాగితము వేసి, బిగించి ఆరనిచ్చినచో మరల అతుకును. ఆలస్యమైనచో దుమ్ము చేరి ఆ పని కష్టమగును.

కావున బీరువాను గోడ నుండి జరిపించి, గిటారుకు ఒక పెట్టె సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను వినయపూర్వకముగా కోరుచున్నాము. క్రొత్త గిటారు వెలతో పోల్చిన ఈ వ్యయము స్వల్పము. విద్యార్థులు వాయించిన పిదప దానిని పెట్టెలో భద్రపరచుట మరువకుందురు గాక!