కెమెరా చేతిలోంచి ఒక్కొక్కటే తీసుకో

తెనాలి

చిన్నీ,

కెమెరా కొన్నావని మీ అమ్మ ముందే చెప్పింది. కొత్త పెట్టె వాసన ఇంకా పోనేలేదు, అప్పుడే రెండు ప్రశ్నలు పంపావు: తర్వాత ఏ లెన్స్ కొనాలి, ఏ కోర్సులో చేరాలి అని. మొదటిదానికి జవాబు, ఏదీ కొనకు. రెండోదానికి జవాబు, ఇప్పుడప్పుడే చేరకు. ఇంత పొట్టిగా చెప్పి ఊరుకుంటే పిల్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లానని మీ అమ్మ నా మీదికొస్తుంది. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. ఇవాళ ఆదివారం, స్టూడియో మూసే ఉంది, నేనూ తీరిగ్గానే ఉన్నాను.

నీ కెమెరాను ఆటోలో పెట్టి నొక్కితే నీ బదులు బోలెడు నిర్ణయాలు అదే తీసేసుకుంటుంది. వెలుతురు ఎంత రావాలి, ఎంతసేపు రావాలి, ఎవరి మొహం స్పష్టంగా ఉండాలి, పసుపు ఎంత పచ్చగా కనపడాలి, అన్నీ. ఫొటోగ్రఫీ నేర్చుకోవడమంటే ఆ నిర్ణయాలను దాని చేతిలోంచి నీ చేతిలోకి తెచ్చుకోవడమే. అయితే ఒక్కొక్కటే తెచ్చుకోవాలి. మాన్యువల్‌లో తీయనివాడు ఫొటోగ్రాఫరే కాదని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్లుంటారు. ఉత్త బడాయి. మొదటిరోజే అన్నీ లాక్కుంటే నీ కళ్లు డయల్ మీదే ఉంటాయి, ఎదురుగా ఉన్న మనిషి మొహంలో ఏం జరుగుతోందో చూడవు.

ముందు వెలుతురు సంగతి. కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ ఒకటుంటుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. కొన్నాళ్లు మిగతావన్నీ కెమెరాకే వదిలేసి ఆ ఒక్కదాన్నే వాడు. ఎందుకంటే కెమెరాలోని మీటర్‌కు ఎదురుగా ఉన్నది తెల్లటిదో నల్లటిదో తెలియదు. ఫ్రేములో ఉన్నదంతా కలిపి మధ్యరకం బూడిదరంగు స్థాయికి తేవాలని చూస్తుంది. ఇప్పటి కెమెరాలు మొహాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి గానీ స్వభావం మాత్రం అదే. అందుకే తెల్ల పంచె కట్టి, తెల్ల లాల్చీ వేసుకున్న తాతయ్యను ఫ్రేము నిండా తీస్తే చలవబట్టలు కాస్తా మాసిన బట్టల్లా వస్తాయి. అక్కడ ప్లస్ వైపు ఒక స్టాప్ తిప్పాలి. నల్లగేదెను దగ్గరగా తీస్తే బూడిదగేదె అవుతుంది, అక్కడ మైనస్.

ఇంతవరకు సులువే. అసలు తికమక కొల్లేరులో వస్తుంది. నల్లటి నీళ్ల మధ్య దూరంగా ఒక్క కొంగ నిలబడి ఉంటుంది. కొంగ తెల్లన కదా అని ప్లస్ తిప్పావంటే ఈకలన్నీ మాయమై కొంగ ఆకారంలో తెల్లమచ్చ మిగులుతుంది. ఫ్రేములో ముప్పాతిక వంతు నల్లటి నీళ్లే కాబట్టి మీటర్ ఆ నీళ్లను వెలిగించాలని చూస్తుంది. కొంగ ఎంత తెల్లగా ఉన్నా అక్కడ మైనసే తిప్పాలి. కొంగ రంగొక్కటే చూస్తే చాలదు, ఫ్రేములో తెలుపు వాటా ఎంత, నలుపు వాటా ఎంత అన్నది చూడాలి. ఇది పుస్తకంలో చదివితే అరగంటలో అర్థమవుతుంది, వేలికి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. దీనికోసం కొల్లేరు దాకా కూడా పోనక్కర్లేదు. మన గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో తుమ్మచెట్ల నిండా పక్షులే. సెలవులకు వచ్చినప్పుడు పొద్దున్నే వెళ్లు.

తీసినదాన్ని వెనక తెర మీద చూసి మురిసిపోకు. ఎండలో ఆ తెర చీకటిగా కనపడుతుంది, రాత్రిపూట చెత్తఫొటో కూడా అందులో బ్రహ్మాండంగా ఉంటుంది. హిస్టోగ్రామ్, అంటే ఎడమ నుంచి కుడికి నలుపు ఎంత, తెలుపు ఎంత ఉందో చూపే గ్రాఫ్, దాన్ని చూడటం అలవాటు చేసుకో. గీత కుడి అంచుకు గుద్దుకుని నిలబడిందంటే తెలుపులో వివరం పోయినట్టే, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. నీడల్లో దాక్కున్నదాన్ని కొంతవరకు బయటికి లాగొచ్చు. అందుకే అనుమానం వస్తే కాస్త తక్కువ వెలుతురుకే తీయి.

రెండో నిర్ణయం అపెర్చర్, అంటే లెన్స్ కంత ఎంత తెరవాలన్నది. ఇక్కడే మీ వయసు పిల్లలందరికీ ఒక జబ్బు ఉంది, వెనకదంతా మసకబారిపోవాలి. నా 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ నీకిస్తాను, మనిద్దరి కెమెరాల మౌంట్ ఒకటే. దాన్ని పూర్తిగా తెరిచి అయిదడుగుల దూరంలో ఉన్న మనిషిని తీస్తే నీ కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు ఆరేడు సెంటీమీటర్లే. పెళ్లికొడుకు కళ్లు బాగుంటాయి, ఒక అడుగు వెనక ఉన్న పెళ్లికూతురు ఎవరో పోల్చుకోవాల్సి వస్తుంది. ఇద్దరున్నప్పుడు ఎఫ్/4కి, మూడు వరసల బంధువులు నిలబడితే ఎఫ్/8కి వెళ్లు. వెనకున్న పందిరి, అరటిచెట్లు, అరుగు మీద కూర్చున్న ముసలమ్మలు, ఇవన్నీ మసకలో కలిపేస్తే పాతికేళ్ల తర్వాత ఆ ఫొటోలో పెళ్లి ఏ ఊళ్లో జరిగిందో తెలియదు. నా వరకు అది పెద్ద నష్టం.

షట్టర్ సంగతి తలంబ్రాలప్పుడు నీకే తెలుస్తుంది. 1/500 సెకనులో తీస్తే గింజ గింజా గాల్లో నిలబడుతుంది, 1/60లో తీస్తే పసుపు గీతలు గీసినట్టు జారుతుంది. రెండూ అందమే, కానీ ఏది కావాలో నొక్కకముందే అనుకుని ఉండాలి. చెయ్యి వణుకు సంగతంటావా, నీ 18-55 లెన్స్‌ను చివరిదాకా జూమ్ చేసినప్పుడు 1/80కి తగ్గకు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటావేమో, అది నీ చేతి వణుకును ఆపుతుంది గానీ ఎదుటివాళ్ల చేతి విసురును ఆపదు. ఐఎస్‌ఓ పెంచడానికి, వెలుతురు తక్కువైనప్పుడు, భయపడకు. 3200లో కాస్త గరుకు వస్తే రానీ. గరుకుగా ఉన్న ఫొటోను జనం ఆల్బమ్‌లో పెట్టుకుంటారు, కదిలిపోయినదాన్ని పెట్టుకోరు.

మాఘంలో మీ పెద్దమ్మ కూతురి పెళ్లికి నా పక్కన రెండో కెమెరా పట్టుకుంటానన్నావు కదా. ఒక విషయం ముందే చెబుతున్నాను. గౌరీపూజ అయ్యాక పిల్లను గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామలం. అంటే ఆ ఫొటో నేను తీయలేను, నువ్వే తీయాలి. గుమ్మంలోంచి పందిట్లోకి వచ్చేసరికి వెలుతురు ఒక్కసారిగా మారుతుంది, మనుషులు అడ్డం వస్తారు, రెండో ఛాన్స్ ఉండదు. ముందురోజే అదే వేళకి వెళ్లి ఆ దారిలో నిలబడి చూసుకో. వెంటనే అడ్డుతెర పడుతుంది. తెరకు అటొకరు ఇటొకరు, జీలకర్రబెల్లం చేతుల్లో పట్టుకుని ముహూర్తం కోసం కూర్చుంటారు. తెర దించేది ఎప్పుడో పురోహితుడిగారినే మర్యాదగా అడుగు, చెబుతారు. అందరూ చేతుల మీద ఫోకస్ చేస్తారు. నేను ఆ పక్కనుంటాను, నువ్వు పెళ్లికూతురి కళ్లనే పట్టుకో. తెర జారిన ఆ క్షణం ఆమె తలెత్తుతుంది.

ఆ హడావిడిలో నేనేం చేస్తానో తెలుసా? అపెర్చర్ నేను పెట్టుకుంటాను, షట్టర్ 1/250కి తగ్గకూడదని కెమెరాకు చెప్పి, ఐఎస్‌ఓను దానికే వదిలేస్తాను. ఇన్నేళ్లూ దాని చేతిలోంచి తీసుకున్నదాంట్లో కొంత తిరిగి దానికే ఇచ్చేస్తున్నానన్నమాట. ఏది ఇచ్చినా ఫర్వాలేదో, ఏది ఎప్పటికీ ఇవ్వకూడదో తెలియడమే పై మెట్టు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి అన్న రెండూ ఎవరికీ ఇవ్వకు.

రంగుల విషయంలో పందిరిని నమ్మకు. ఎర్ర షామియానా కింద మధ్యాహ్నం పూట కూర్చున్నవాళ్ల మొహాలన్నీ ఎర్రగా ఉంటాయి, వైట్‌బ్యాలెన్స్ ఎంత సర్దినా ఆ చాయ పూర్తిగా పోదు. అవకాశం ఉంటే మనుషుల్ని షామియానా అంచుకు, బయటి వెలుతురు పడేచోటికి తీసుకురా. ఎదురుగా ఒక తెల్ల థర్మాకోల్ షీట్ పట్టిస్తే చాలు, కంటి కింద నీడలు తేలికవుతాయి. వేలు పోసి రిఫ్లెక్టర్ కొననక్కర్లేదు.

రా ఫైల్‌లోనే తీయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. ఎర్ర పట్టుచీర మడతల్లో, జరీ మెరుపులో ఆ తేడా కనపడుతుంది. కానీ ఎడిటింగ్ దగ్గర ఒక్క మాట. "మా అమ్మాయిని కొంచెం తెల్లగా చేసి పెట్టండి" అని అడగని పెళ్లివారు నాకింతవరకు దొరకలేదు. చామనచాయ పిల్లను సున్నం కొట్టినట్టు చేసిన ఆల్బమ్‌లు మన ఊళ్లోనే ఎన్నో ఉన్నాయి. నేను చేయను. నువ్వూ చేయకు. మొహానికి మంచి వెలుతురు ఇవ్వడం మన పని, రంగు మార్చడం మన పని కాదు.

కార్డు విషయంలో కఠినంగా ఉండు. ఫైల్స్ మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఇంట్లో. ఆ పని అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయకు. లెన్స్‌కి పెట్టాలనుకున్న డబ్బు హార్డ్‌డిస్క్‌కి, ఒక గట్టి ట్రైపాడ్‌కి, ప్రింట్లకి పెట్టు.

ఆడపిల్లకి పెళ్లిళ్లలో కెమెరా ఏమిటని ఎవరైనా అంటే హోమాయ్ వ్యారావాలా పేరు చెప్పు. 1940ల ఢిల్లీలో చీరకట్టుతోనే బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా మోసుకుని నాయకుల మధ్య తిరిగి ఫొటోలు తీసిన మనిషి. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఉద్యోగం చేస్తూ ఏం నేర్చుకోగలనని నీకే అనిపిస్తే మన హైదరాబాద్ రాజా దీన్‌దయాళ్ సంగతి చదువు. ఇండోర్‌లో పబ్లిక్‌వర్క్స్‌లో ఉద్యోగం చేసుకుంటూ 1870లలో సరదాకి మొదలుపెట్టాడు. తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. 1892లో ఘోషా స్త్రీల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు, దాన్ని నడిపింది కూడా ఒక మహిళే. ఆయనకు వెనక తెర లేదు, హిస్టోగ్రామ్ లేదు. గాజుప్లేటు మీద ఏం పడుతుందో మూత తీయకముందే ఊహించాలి. ఆయన నెగెటివ్‌లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయన తీసిన ఫొటోలు ఎక్కడ దొరికినా, ఒక్కొక్కటి పట్టుకుని వెలుతురు ఎటునుంచి వస్తోంది, ఆయన ఎంత ఎత్తులో నిలబడ్డాడు, దేన్ని ఫ్రేము బయట వదిలేశాడు అని చూడు. కోర్సులో నేర్పేదాంట్లో సగం అదే.

కోర్సు గురించి ఏడాది తర్వాత మాట్లాడుకుందాం. అప్పటికీ ఇదే పిచ్చి ఉంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది, నాలుగేళ్ల చదువు. అది ఉద్యోగం మానుకుని చదివేది, కాబట్టి మీ నాన్నగారితో నువ్వే మాట్లాడుకోవాలి, నన్ను మధ్యలోకి లాగకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు బాగున్నాయనుకున్నవి ఏరి తేకు. ఒక రోజు తీసినవన్నీ, చెడిపోయిన వాటితో సహా, తీసిన వరసలోనే కార్డులో ఉంచి తీసుకురా. వాటిలో పది ఫొటోలు ల్యాబ్‌లో 12×18 సైజు ప్రింట్ వేయించు. ఫోన్‌లో చూపిస్తే నేను చూడను.

ఇట్లు,
మీ మావయ్య