చేతిలోని లక్కయిల్లు

వారణావతంలో పాండవులకిచ్చిన విడిదిలో అపాయం వెలుపలి నుండి రాలేదు, గోడలలోనే ఉంది. ఆ ఇంటిని కట్టించిన పురోచనుడు మర్యాదలు చేస్తూ అక్కడే కాచుకొని ఉన్నాడు. నేయి, లక్కల వాసనను బట్టి ధర్మరాజు గుట్టు గ్రహించాడు. మన చేతిలోని మొబైల్ ఫోనుకు అటువంటి వాసన ఉండదు. మనం కోరి దించుకొన్న ఆప్‌ను మనమే తొలగించవచ్చు. తయారీ దశలోనే మూలవ్యవస్థలో చేర్చిన సాఫ్ట్‌వేర్ మాత్రం తెరపై కనబడకుండానే పనిచేయగలదు. దానిని తొలగించడం కొన్నవారికి సాధారణంగా సాధ్యం కాదు.

2016 నవంబరులో అమెరికాలో ఇటువంటి ఉదంతమొకటి వెలుగుచూసింది. ఫ్లోరిడాకు చెందిన బ్లూ సంస్థ చౌకగా అమ్మిన కొన్ని ఫోన్లలో చైనా సంస్థ ఆడప్స్ రూపొందించిన సాఫ్ట్‌వేర్ ఉన్నదని క్రిప్టోవైర్ పరిశోధకులు కనుగొన్నారు. ఫోనుకు కొత్త మార్పులను చేరవేయడం దాని పని. కాని అది సందేశాల పూర్తి పాఠాన్నీ, కాల్స్ వివరాలనూ 72 గంటలకొకసారి షాంఘైలోని సర్వర్లకు పంపుతూ వచ్చింది. అది వేరొక చైనా తయారీదారు కోసం చేసినదనీ, పొరపాటున ఇటు వచ్చిందనీ ఆడప్స్ సమాధానమిచ్చింది. దారితప్పి కోటలోకి వచ్చానని వేగులవాడు చెప్పినట్లున్నది ఈ మాట!

అయితే దోషమంతా చైనాదేనా? 2011లో వివాదాస్పదమైన క్యారియర్ ఐక్యూ కాలిఫోర్నియా సంస్థ. దాని సాఫ్ట్‌వేర్ కోట్లాది ఫోన్లలో, వాడేవారికి తెలియకుండానే ఉండేది. తటస్థదేశమైన స్విట్జర్లాండ్ కథ మరీ విచిత్రం. అక్కడి క్రిప్టో ఏజీ అమ్మిన రహస్యలిపి యంత్రాలను భారత్, పాకిస్తాన్ సహా అనేక దేశాలు నమ్మి కొన్నాయి. 1970 నుండి ఆ సంస్థ అమెరికా, పశ్చిమ జర్మనీ గూఢచారి సంస్థల రహస్య సొత్తని 2020లో లోకానికి తెలిసింది.

ఆ 2020లోనే, గల్వాన్ ఘర్షణ తరువాత, జూన్ 29న భారత ప్రభుత్వం 59 చైనా ఆప్‌లను నిషేధించింది. కాని ఫోను పుట్టినిల్లు ఏది? 2015లో మన శ్రీసిటీలో కూర్చిన షావోమీ ఫోను సంస్థ చైనాది, అందులోని ఆండ్రాయిడ్ అమెరికాది, పెట్టెపై ముద్ర భారత్‌ది.

పురోచనుణ్ణి పంపినవాడు పరదేశి కాడు, దాయాది. అందుచేత స్వదేశీ ముద్రను చూసి పరీక్ష మానుకోలేము. 2025 నవంబరు చివర, సంచార్ సాథీ ఆప్‌ను కొత్త ఫోన్లన్నింటిలో ముందే చేర్చాలని కేంద్ర టెలికాం శాఖ తయారీదారులను ఆదేశించింది. పోయిన ఫోన్లను వెదకడం, మోసాలను అరికట్టడం దాని ఉద్దేశం. అది గూఢచర్యమని ఎవరూ నిరూపించలేదు. అయినా పౌరుని అనుమతి ఏదని ప్రశ్నలు వచ్చాయి. డిసెంబరు 3న ఆ ఆదేశాన్ని ప్రభుత్వం ఉపసంహరించుకొంది.