తిన్నది ఒంటికి పట్టడం అంటే…

ఈ త్రైమాసికం ఆరోగ్య పాఠానికి జీర్ణవ్యవస్థను, దానికి రక్తం అందే తీరును తీసుకున్నాం. "ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు" అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అనడం అందరం విన్నదే. వైద్య పుస్తకాల్లో ఓ పెద్ద అధ్యాయమంత విషయం ఆ మాటలో ఉంది. నోట్లో పెట్టుకున్నంత మాత్రాన అన్నం మనది కాదు. పేగు గోడ దాటి లోపలికి వెళ్తేనే మనదవుతుంది. అంతదాకా అది ఒంటి గుండా పోయే ఒక గొట్టంలో ఉన్నట్టే లెక్క.

గీత 15వ అధ్యాయంలో భగవానుడు వైశ్వానరాగ్ని రూపంలో ప్రాణుల దేహాల్లో ఉండి నాలుగు విధాల అన్నాన్ని పచనం చేస్తానని చెబుతాడు. బాలవిహార్ పిల్లలకు కూడా ఇది తెలుసు. ఆ పచనం ఎలా సాగుతుందో, అయ్యాక ఆ సారం ఎటు పోతుందో చూద్దాం.

మన భోజనశాలలో వడ్డించిన పులిహోర, పప్పు, పెరుగన్నం వెంట వెళ్దాం. నోట్లో లాలాజలం అన్నంలోని పిండిపదార్థం మీద పని మొదలుపెడుతుంది. అన్నవాహిక ఓ పది అంగుళాల దారి, అక్కడ రవాణా తప్ప ఏమీ జరగదు. జీర్ణాశయంలో ఆమ్లమూ పెప్సిన్ అనే ఎంజైమూ కలిసి పప్పులోని ప్రోటీన్‌ను విడగొడతాయి. అక్కడి గోడ 'ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్' అనే పదార్థాన్ని కూడా వదులుతుంది. ఈ పేరు గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది. అక్కడినుంచి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి దిగగానే కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి క్లోమరసం వచ్చి కలుస్తాయి. దాంతో పచనం చాలావరకు పూర్తవుతుంది.

ఇక ఒంటికి పట్టడం. చిన్నపేగు పొడవు సుమారు 20 అడుగులు. లోపలి గోడ నున్నగా ఉండదు, ముడతలు పడి ఉంటుంది. ఆ ముడతల మీద మఖమల్ గుడ్డ మీది నూగులా లక్షలాది ఆంత్ర చూషకాలు ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరుకు మించదు. ఒక్కో చూషకంలోకి ఒక సన్నటి ధమని వస్తుంది, అది వలలా చీలుతుంది, ఆ వల మళ్ళీ కలిసి సిరగా బయటికి పోతుంది. మధ్యలో తెల్లటి ద్రవం పారే మరో సన్న నాళం ఉంటుంది. చక్కెరలు, ప్రోటీన్ ముక్కలు, బి విటమిన్లు రక్తపు వలలోకి వెళ్తాయి. పప్పులో వేసుకున్న నెయ్యి మాత్రం ఎక్కువగా ఆ తెల్లటి నాళం పట్టుకుని, ఛాతీ గుండా పైకి ఎక్కి, ఎడమవైపు మెడ దగ్గర రక్తంలో కలుస్తుంది. ఎంత చుట్టుదారో చూడండి!

ఇంత పని చేసే పేగుకు రక్తం ఎక్కడిది? గుండె నుంచి కిందికి దిగే బృహద్ధమని ముందువైపు నుంచి మూడు కొమ్మలు వస్తాయి. మొదటిది సీలియాక్. ఇది జీర్ణాశయానికి, కాలేయానికి, ప్లీహానికి. రెండోది సుపీరియర్ మీసెంటరిక్. దాదాపు చిన్నపేగంతా, పెద్దపేగులో మొదటి సగం పైచిలుకు దీని మీదే ఆధారపడతాయి. మూడోది ఇన్ఫీరియర్ మీసెంటరిక్, ఇది మిగిలిన పెద్దపేగుకు. విశ్రాంతిగా ఉన్నప్పుడే గుండె పంపే రక్తంలో సుమారు నాలుగో వంతు ఈ అవయవాలకు పోతుంది. భోజనం చేశాక ఇంకా పెరుగుతుంది.

ఈ మూడింటిలో రెండోది మూసుకుపోతే ప్రాణాపాయం. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారికి అకస్మాత్తుగా భరించలేని కడుపునొప్పి వచ్చిందనుకోండి. పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉండవచ్చు, అయినా నొప్పి మాత్రం విపరీతం. గుండెలో కట్టిన గడ్డ వచ్చి ఆ ధమనిలో ఇరుక్కుని ఉండవచ్చు. "గ్యాస్ అయి ఉంటుంది" అని వాము నీళ్ళు తాగించి తెల్లవారేదాకా ఆగవద్దు, 911కి ఫోన్ చేయండి. గంటల్లోనే పేగు చచ్చుబడుతుంది. ఇంకో రకం మెల్లగా వస్తుంది. అన్నం తిన్న అరగంటకో గంటకో నొప్పి మొదలవుతుంది, ఆ భయంతో తిండి తగ్గుతుంది, మనిషి చిక్కిపోతారు. ఇది సన్నబడిన ధమని వల్ల కావచ్చు. మన పెద్దవాళ్ళు "ఆకలి లేదమ్మా" అంటారు తప్ప "తింటే నొప్పి" అని చెప్పరు. అందుకని మనమే అడగాలి.

పేగుల నుంచి తిరిగి వెళ్ళే రక్తం మిగతా శరీరంలోలాగా నేరుగా గుండెకు పోదు. సిరలన్నీ కలిసి పోర్టల్ సిరగా మారి ముందు కాలేయానికి చేరతాయి. కాలేయానికి అందే రక్తంలో సుమారు ముప్పావు వంతు ఈ దారినే వస్తుంది. వచ్చిన సరుకును కాలేయం తనిఖీ చేసి, కొంత దాచి, కొంత పంపుతుంది. అలా దాచేవాటిలో బి12 విటమిన్ ఒకటి.

చూషకాల పైపొర కణాలు మూడు నుంచి ఐదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడతాయి. కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ నకలు తయారవ్వాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది తక్కువైతే పేగు పొరే దెబ్బతింటుంది. పొర దెబ్బతింటే ఉన్న కాస్త ఫోలిక్ యాసిడ్ కూడా ఒంటికి పట్టదు. ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బులో జరిగేది ఇదే: ఆగని విరేచనాలు, రక్తహీనత, శల్యమైపోవడం. ఆయుర్వేదం గ్రహణి అని చెప్పేదానికి ఇది దగ్గరిది.

ఈ జబ్బు ఒక తెలుగు కుటుంబాన్ని కూల్చింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు స్ప్రూతో పోయారు. ఆయనకూ ఆ జబ్బు సోకింది, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తర్వాత మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే అనాటమీ పాఠాలు చెప్పి, 1920లలో హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువుకు బోస్టన్ వచ్చారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి చేసిన పని వైద్యవిద్యార్థులకు తెలిసిందే. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థకు మారారు. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. కొద్ది కాలానికే టామ్ స్పైస్ అనే వైద్యుడు స్ప్రూ రోగులకు దాన్ని ఇచ్చి కోలుకోవడం చూశారు. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లోనే కన్నుమూశారు, మళ్ళీ స్వదేశం చూడలేదు. ఆయన సంగతి ఇక్కడి తెలుగు పిల్లలకు ఇంకా బాగా తెలియాలని మా అభిప్రాయం.

ఆయన బృందం తయారుచేసిన ఆ పదార్థాన్ని అమెరికా ప్రభుత్వం 1998 జనవరి నుంచి 'ఎన్‌రిచ్‌డ్' అని అమ్మే పిండి, బ్రెడ్, పాస్తా, బియ్యంలో కలపడం తప్పనిసరి చేసింది. కారణం గర్భస్థ శిశువులు. శిశువు వెన్నుపాము, మెదడుగా మారే నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి గర్భమని కూడా తెలియదు. ఆ సమయంలో ఫోలిక్ యాసిడ్ లేకపోతే స్పైనా బిఫిడా వంటి లోపాలు రావచ్చు. ఇలా కలపడం వల్ల ఏటా సుమారు 1,300 మంది శిశువులు ఈ లోపాలు తప్పించుకుంటున్నారని సీడీసీ అంచనా.

మన సంగతి చూడండి. మన వంటింట్లో ఉండేది ఇండియన్ స్టోర్‌లో కొన్న సోనా మసూరి బస్తా, గోధుమపిండి బస్తా. లేబుల్ మీద 'ఎన్‌రిచ్‌డ్' అన్న మాట లేకపోతే వాటిలో కలిపిన ఫోలిక్ యాసిడ్ లేనట్టే. అమెరికన్ స్టోర్‌లో ఎన్‌రిచ్‌డ్ బియ్యం కొన్నా, అలవాటుగా మూడుసార్లు కడిగి పారబోస్తాం, పైన పట్టించిన విటమిన్లు ఆ నీళ్ళతో పోతాయి. పప్పు, తోటకూర, శనగల్లో సహజంగా ఫోలేట్ ఉంటుంది, అది మన అదృష్టం. అయినా గర్భం దాల్చే వయసులో ఉన్న ఆడవారందరూ రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలని ఇక్కడి వైద్యుల సలహా. పెళ్ళయిన ఆడపిల్లలకు, కోడళ్ళకు శుభవార్త విన్నాక కాదు, ముందే చెప్పండి.

ఇక బి12. ఇది మొక్కల్లో దొరకదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. జీర్ణాశయం వదిలిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌ను అంటుకుని చిన్నపేగు చివరి భాగం దాకా ప్రయాణించి, అక్కడ మాత్రమే రక్తంలోకి వెళ్తుంది. దారి పొడవునా అడ్డంకులున్నాయి. వయసుతో ఆమ్లం తగ్గుతుంది. ఎసిడిటీ మాత్రలు ఇంకా తగ్గిస్తాయి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఏళ్ళ తరబడి వాడితే బి12ను ఒంటికి పట్టనివ్వదు. మన తాతయ్యల, అమ్మమ్మల మందుల పెట్టెలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి! కాలేయంలో నిల్వ ఉండటం వల్ల లోటు బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. కాళ్ళు తిమ్మిరెక్కితే "షుగర్ వల్లే" అని సరిపెట్టుకుంటాం, కానీ బి12 లోటుకూ అవే లక్షణాలు. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తహీనత సర్దుకుని, లోపల నరాల దెబ్బ మాత్రం సాగుతూనే ఉంటుంది. కాబట్టి రెండూ కలిపి చూడాలి. కాలేజీకి వెళ్ళి వీగన్‌గా మారిన పిల్లలకు పాలూ పెరుగూ కూడా ఉండవు, వారికి బి12 మాత్ర తప్పదు.

ఈసారి మీ వార్షిక పరీక్షకు వెళ్ళినప్పుడు రక్తపరీక్షల జాబితాలో బి12 ఉందో లేదో అడగండి. మెట్‌ఫార్మిన్ వాడుతున్న సంగతి, ఎన్నేళ్ళుగా వాడుతున్నారో, మాంసం తినని సంగతి మీరే చెప్పండి. ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు మందులు అక్కడినుంచే తెచ్చుకుంటారు కనుక, ఆ చీటీలు ఒకసారి మీరు కూడా చదవండి.