కొండల మీద సెలవులు – తెరచిన తలుపు



మన విచారణల బిడ్డలు కొందరు ఈనాడు ఐరోపా దేశాలలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మన గురువులు, మఠకన్యలు ఎందరో ఇటలీలో సేవ చేస్తున్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులు రోము, అస్సీసీ, పాదువా దర్శించి, జపమాలలు కొనుక్కుని తిరిగివస్తారు. ఆ ప్రయాణంలో రెండు రోజులు వీలు చిక్కితే రోముకు తూర్పున ఉన్న కొండసీమ అబ్రూట్సోకు కూడా వెళ్ళండి. అక్కడి ముఖ్యపట్టణం లాక్విల, రోము నుండి సుమారు 100 కిలోమీటర్లు. వెళ్ళే స్తోమత లేనివారు కూడా ఈ పాఠం చదవండి. మీకూ ఇందులో పని ఉంది.

సెలవు తీసుకోవడం తప్పేమోనని కొందరు భక్తిపరులు అనుకుంటారు. మార్కు సువార్త 6వ అధ్యాయం తీసి చూడండి. వేదబోధ చేసి అలసివచ్చిన అపోస్తలులకు తినడానికైనా తీరిక లేకపోతే, వారిని ఏకాంత ప్రదేశానికి విశ్రాంతికై పిలిచింది ప్రభువే. పునీత రెండవ జాన్ పాల్ పాపు గారు ఈ మాటను అక్షరాలా పాటించారు. 1981 జనవరిలో మామూలు కారులో, ఎవరికీ తెలియకుండా, అబ్రూట్సోలోని ఒవిందోలికి వెళ్ళి మంచుమీద స్కీయింగ్ చేశారు. అటువంటి ప్రయాణాలు తరువాత చాలా చేశారు. ఒకసారి, తోటివారి నుండి వెనుకబడిన ఒక పిల్లవాడు ఆయనను గుర్తుపట్టి "పాపు గారు! పాపు గారు!" అని కేకలు వేశాడట. పక్కనున్నవారు వాణ్ణి మందలించి పంపివేసి, తామూ త్వరగా బయటపడ్డారు.

ఆ సీమలో గ్రాన్ సాస్సో శిఖరం ఎత్తు 2,912 మీటర్లు. దాని చుట్టూ రాతి ఇళ్ళు, ఇరుకు సందులు, ఒక గుడి, ఒక బురుజు గల పాత గ్రామాలు. పూర్వం అక్కడి కాపరులు చలికాలం రాగానే గొఱ్ఱెలను తోలుకుని, గడ్డిబాటల వెంట 240 కిలోమీటర్లు నడిచి ఫోజ్జా మైదానాలకు దిగేవారు. వసంతంలో గానీ భార్యాబిడ్డల ముఖం చూసేవారు కారు. తరువాతి తరాలు బ్రతుకుతెరువుకై అమెరికా, బెల్జియం దేశాలకు వెళ్ళిపోయాయి. సాంతో స్తెఫానో ది సెస్సానియో వంటి గ్రామాలలో మూసిన తలుపులు ఇప్పటికీ కనబడతాయి. గల్ఫు దేశాలకు బిడ్డలను పంపిన మన ఊళ్ళవారికి ఆ తలుపుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ఒకే గురువు నాలుగైదు గ్రామాలు చూసుకోవడం మామూలే. కాబట్టి ఆదివారం దివ్యబలిపూజ ఎక్కడో, ఎన్ని గంటలకో శనివారమే అడిగి తెలుసుకోండి.

ఇక అసలు విషయానికి వద్దాం. సుల్మోనా పట్టణం పైన మొర్రోనె కొండ రాతికి అతుక్కున్నట్టు ఒక చిన్న ఆశ్రమం ఉంది. బీద రైతు కుటుంబంలో పుట్టిన పీటరు అనే సన్యాసి ఆ కొండల్లో తపస్సు చేసుకునేవారు. రెండేళ్ళకు పైగా పాపు గారు లేక శ్రీసభ తల్లడిల్లుతుంటే, 1294 జూలైలో కార్డినల్సు ఈ వృద్ధుణ్ణి ఎన్నుకున్నారు. గాడిద మీద లాక్విలకు వచ్చి, ఆగస్టు 29న కొల్లెమాజ్జో దేవాలయంలో 5వ సెలెస్టీనుగా అభిషిక్తులయ్యారు. ఆ పదవి తన చేతకాదని గ్రహించి, డిసెంబరు 13న దాన్ని విడిచిపెట్టారు. కొందరు ఆయనను పిరికివాడన్నారు. తన బలహీనతను అందరి ముందు ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో వారు ఆలోచించలేదు.

అంత కొద్ది కాలంలోనే ఆయన గొప్ప కానుక ఒకటి ఇచ్చారు. ఆగస్టు 28 సాయంకాల ప్రార్థన నుండి 29 సాయంకాల ప్రార్థన వరకు, నిజమైన పశ్చాత్తాపంతో పాపసంకీర్తనం చేసి ఆ దేవాలయంలో అడుగుపెట్టిన ఎవరికైనా పరిపూర్ణ దండవిమోచనం! యుద్ధయాత్రలకు, దూరయాత్రలకు వెళ్ళగలవారికే అటువంటి వరం దక్కే ఆ కాలంలో గొఱ్ఱెల కాపరికి కూడా పైసా ఖర్చు లేకుండా తలుపు తెరిచారు. 2009 ఏప్రిల్ 6న భూకంపం 309 మందిని బలిగొని, ఆ దేవాలయంలో కొంత భాగాన్ని సైతం కూల్చింది. అది మరల 2017లో తెరుచుకుంది. 2022 ఆగస్టు 28న ఫ్రాన్సిస్ పాపు గారు స్వయంగా ఆ పవిత్ర ద్వారాన్ని తెరిచారు. ఆ పని చేసిన మొదటి పాపు గారు ఆయనే.

సెలవుల్లోనే ఇంట్లో తగవులు ఎక్కువ. రోజంతా ఒకరి ముఖం ఒకరు చూడవలసి వస్తుంది గదా! అన్నదమ్ముల పొలం తగాదా, ఆడబిడ్డ అన్న మాట, పెండ్లిలో జరిగిన అవమానం, ఇవన్నీ పెట్టెతోపాటు విమానం ఎక్కుతాయి. వాటిని మోసుకునే ఆ తలుపు దాటి వస్తే ఏం లాభం? బయలుదేరే ముందే ఆ మనిషి ఇంటికి వెళ్ళండి, లేదా ఫోను చేయండి. మాట మొదలుపెట్టేది మీరే కావాలి. అవతలివారు ఫోను పెట్టేసినా మీ వంతు మీరు చేసినట్లే. లాక్విలకు ఎన్నడూ వెళ్ళనివారు కూడా ఈ మొదటి భాగం మన ఊళ్ళోనే చేయవచ్చు.

భాష రాదని భయపడేవారు రోములోనే మన తెలుగు గురువు ఒకరి వద్ద పాపసంకీర్తనం చేసుకుని వెళ్ళండి. దివ్యసత్ప్రసాదం స్వీకరించి, పాపు గారి తలంపుల కొరకు ప్రార్థించాలి. ఆగస్టు చివర్లో లాక్విలకు జనం విపరీతంగా వస్తారు కాబట్టి బస ముందుగానే చూసుకోండి. కొండగాలి ఆగస్టులో కూడా చల్లగా ఉంటుంది, పెద్దవారికి శాలువా మరచిపోవద్దు.