కూర మడిలో చెట్టు వేళ్లు

పెరట్లో వేప చెట్టు ఉంది. దానికి నాలుగు గజాల దూరంలో కోడలు కూర మడి కట్టింది. చుట్టూ ఇటుకలు పేర్చింది. లోపల చెరువు మట్టి, పశువుల ఎరువు పోసింది. మొదటి ఏడు తోటకూర, పాలకూర బాగా వచ్చాయి. కూరలు కొనే డబ్బు మిగిలింది. రెండో ఏడు ఎన్ని నీళ్లు పోసినా మొక్కలు ఎదగలేదు. మధ్యాహ్నానికే వాడిపోయాయి.

పురుగు పట్టిందేమో అనుకుంది. గడ్డపారతో తవ్వి చూసింది. మట్టి నిండా సన్నటి వేళ్లు, జడ అల్లినట్టు ఉన్నాయి. అవి కూర మొక్కల వేళ్లు కావు.

"అత్తయ్యా, ఇవి వేప వేళ్లు. చెట్టు కొట్టించేద్దామా?"

"వద్దమ్మా. ఎండాకాలం మనకూ గొడ్లకూ అదే నీడ. చెట్టుదేం తప్పు? నువ్వు నీళ్లు, ఎరువు పెట్టావు. అది తినడానికి వచ్చింది."

అత్త చెప్పింది నిజమే. చెట్టు వేళ్లన్నీ లోతుకే పోతాయని అనుకుంటాం. కానీ నీరు, బలం పీల్చే సన్న వేళ్లు చాలావరకు పైమట్టిలోనే ఉంటాయి. కొమ్మల నీడ దాటి దూరం పాకుతాయి. తడి, ఎరువు దొరికిన చోట గుబురుగా పెరుగుతాయి. అడుగు నుంచి మడిలోకి ఎక్కుతాయి. మడి ఎత్తు పెంచినా ఆగవు. అడుగున గోనె సంచి పరిస్తే కొన్నాళ్లకు చివికిపోతుంది. ప్లాస్టిక్ పరిస్తే నీరు నిలిచి మొక్కలు కుళ్లుతాయి.

వేరు వచ్చే దారికే అడ్డం పెట్టాలి. వానలకు నేల మెత్తబడ్డాక అత్తాకోడళ్లు మడి పక్కన, చెట్టు వైపు, కందకం తవ్వారు. జానెడు వెడల్పు, రెండు అడుగుల లోతు. మడి పొడవు కన్నా అటు మూరెడు, ఇటు మూరెడు ఎక్కువ తవ్వారు. అడ్డం వచ్చిన సన్న వేళ్లు కోసేశారు. పాత ఇనుప రేకు నిలువుగా దించి మట్టి పూడ్చారు. మందపాటి ప్లాస్టిక్ షీటు అయినా సరే. అంచు నేల మీద బెత్తెడు పైకి ఉండాలి. లేకపోతే వేళ్లు పైనుంచి దాటుతాయి. ఏడాదికోసారి ఆ అంచు వెంట తవ్వి చూసుకోవాలి.

మణికట్టంత లావు వేరు తగిలితే కొట్టకండి. అది చెట్టును నిలబెట్టే వేరు. అది తెగితే గాలివానకు చెట్టు ఇంటి మీద పడవచ్చు. అలాంటప్పుడు మడినే దూరంగా జరపడం మేలు. చోటు లేదా? అడుగున చిల్లులు పెట్టిన పాత బక్కెట్లలో మట్టి నింపి, రాళ్ల మీద పెట్టండి. బక్కెట్టు నేలకు తగలకపోతే వేరు ఎక్కలేదు.

కొందరు వేళ్ల మీద ఉప్పు, కిరసనాయిలు పోయమంటారు. ఆ మాట వినకండి. మీ మట్టే పాడవుతుంది.

సర్కారు తుమ్మ సంగతి వేరు. దాని మీద జాలి వద్దు. పైన నరికితే మొదలు నుంచి మళ్లీ గుబురుగా లేస్తుంది. వాన పడ్డాక గడ్డపారతో మొదలంతా పెకలించాలి. మేకలు దాని కాయలు తింటాయి. గింజలు పెంటికల్లో వస్తాయి. మాగని మేక ఎరువు వేస్తే మడిలోనే మొలుస్తాయి. మొలక కనబడగానే పీకేయండి. ముళ్లు గట్టిపడ్డాక చేయి పెట్టలేరు.